రెండు పోగుల సొరుగు

టేపులేని మేస్త్రి అంటే ఆ నాలుగు వీధుల్లో తెలియనివాళ్లు లేరు. ముప్పయ్యేళ్లుగా వడ్రంగం చేస్తున్నాడు. జేబులో టేపు ఉంటుంది గానీ పైకి తియ్యడు. గోడకు ఎదురుగా నిలబడి, ఒక కన్ను మూసి, "అయిదున్నర అడుగులకి అంగుళం తక్కువ" అంటాడు. నమ్మనివాళ్లు కొలుచుకుని నోరు మూసుకోవాల్సిందే. ఆ కళ్లంటే ఆయనకు ఎంత గర్వమో, సగం తెరిచి వదిలేసిన సొరుగులంటే అంత మంట.

ఆ మంట ఎనిమిది నెలలుగా సొంత ఇంట్లోనే రోజూ రాజుకుంటోంది. ఆయన భార్య బట్టలు కుడుతుంది. ముందు గదిలో కిటికీ పక్కన ఆవిడ కుట్టుబల్ల, దానికి కుడివైపు నాలుగు సొరుగులు: దారాలకొకటి, బొత్తాలకొకటి, కత్తెరలకొకటి, అడుగున ముక్కగుడ్డలకొకటి. పెళ్లయిన కొత్తలో ఆయన చేసిచ్చిన బల్లే అది. ఎనిమిది నెలల కిందట ఆవిడ కుడిచేతికి పక్షవాతం వచ్చింది. కాళ్లూ మాటా దక్కాయి, చేతి పట్టు మాత్రం తిరిగి రాలేదు. అయినా ఊరుకోలేదు మనిషి. ఎడమచేత్తో గుడ్డ నడుపుతూ, కుడిచేతిని బరువుకి ఆనించుకుని, నెల తిరక్కుండానే మళ్లీ మిషను ఎక్కింది. మునుపటి వేగం లేకపోయినా ఆ టకటక వినబడుతుంటే మేస్త్రికి ప్రాణం కుదుటపడేది. అది ఆగిన ఆ కొద్దివారాలు ఇల్లు ఎలా ఉండేదో ఆయనకు గుర్తుంది.

అంత ప్రేమ ఉన్నవాడు నోరు అదుపులో పెట్టుకోవాలి కదా, అదీ లేదు. రోజూ పొద్దున పనికి వెళ్లేముందు ఆ నాలుగు సొరుగులూ నోళ్లు తెరుచుకుని కనబడేవి.

"సొరుగు మూయడం రాదా నీకు? వడ్రంగి పెళ్లానివేనా?" అని విసుక్కుంటూ నాలుగింటినీ ధడేల్ ధడేల్‌మని మూసి వెళ్లేవాడు. ఆవిడ తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కించుకుంటూ ఉండేది. పై అంచుల వెంట చెక్కకి ఏవో గంట్లు పడుతున్నాయి. ఎలుకలనుకున్నాడు.

ఒకరోజు పెన్సిలు మర్చిపోయి దారిలోంచి వెనక్కి వచ్చాడు. ఆవిడ కుట్టుబల్ల ముందు నేలమీద కూర్చుని ఉంది. ఎడమచేతిలో ఆయన పాత స్క్రూడ్రైవరు. దాని మొన పై సొరుగు సందులో దూర్చి, పళ్లబిగువున పెకలిస్తోంది. కుడిచెయ్యి ఒళ్లో ఊరికే పడి ఉంది. సొరుగు కిర్రుమని అంగుళం వచ్చి ఆగిపోయింది.

మేస్త్రికి అప్పుడు అర్థమైంది. చెక్క మీద చెక్క రాసుకునే పాతకాలపు సొరుగులవి, ఒక్క కుదుపు కుదిపి లాగితే గానీ రావు. ఒంటిచేత్తో, అదీ కుడిపక్క సొరుగుని ఎడమచేత్తో ఎలా లాగుతుంది? తెరిచి ఉంచుకుంటేనే ఆవిడకు పని జరిగేది. ప్రతి పొద్దునా తానే మూసి, తానే తిట్టి వెళ్లాడు.

"ఎప్పుడూ చెప్పలేదేమే?"

"ఏం చెప్పను? మీరు చేసిన బల్ల కదా, బాగాలేదంటే నొచ్చుకుంటారని."

ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పెన్సిలు తీసుకోకుండానే బయటపడి, తిన్నగా ఇనపసామాను షాపుకి వెళ్లాడు.

సొరుగులు సులువుగా జారడానికి బిగించే ఇనప ఛానెళ్లంటే మేస్త్రికి మొదటినుంచీ చిన్నచూపే. సొరుగుకి చక్రాలు కట్టడమేమిటి, అదేమన్నా బండా అనేవాడు. ఆయనే వచ్చి అవి అడిగేసరికి షాపాయన ఆశ్చర్యపోయి, మూడు రకాలు బిగించిన నమూనా సొరుగులు బల్లమీద పెట్టాడు.

"ఇవి అండర్‌మౌంట్ ఛానెళ్లు మేస్త్రీ. పక్కలకి కాదు, సొరుగు అడుగున దాక్కుంటాయి. పూర్తిగా బయటికొస్తుంది, మూలనున్నది కూడా చేతికందుతుంది."

మేస్త్రికి పని నేర్పిన పెద్దాయన ఒక పరీక్ష పెట్టేవాడు. సొరుగు పిడికి కుట్టుదారం ఒంటి పోగు కట్టి లాగాలి, దారం తెగకుండా సొరుగు రావాలి. మేస్త్రి చొక్కా అంచు నుంచి వేలాడుతున్న పోగు పీకి, మొదటి నమూనా సొరుగుకి కట్టాడు. అది సాఫ్ట్ క్లోజ్ రకం. లాగగానే పుటుక్కున తెగింది.

"దానికి మొదట్లో స్ప్రింగు పట్టుకుంటుంది. ఆ రెండంగుళాలు దాటితే ఇంక వెన్నే. మూసేటప్పుడు ఊరికే తాకితే చాలు, చప్పుడు లేకుండా తనే లోపలికి లాక్కుంటుంది" అన్నాడు షాపాయన.

"తెగిందిగా, అక్కర్లేదు."

రెండోది స్ప్రింగు లేని ఉత్త ఛానెల్. దారానికి హాయిగా వచ్చింది గానీ, మూస్తే వేలెడు సందు విడిచి నిలబడింది. సగం తెరిచిన సొరుగు మళ్లీ ఇంట్లోకా అని మొహం చిట్లించాడు. మూడోది నొక్కితే తెరుచుకునేది. పిడి లేదు, లాగే పని లేదు, వేలితో తాకితే చాలు. మేస్త్రి మొహం వెలిగిపోయింది. ఇంటికెళ్లి ఆవిణ్ణి అడగాలన్న ఆలోచనే రాలేదు. అడగడానికేముంది, చూస్తూనే ఉన్నాడుగా ఎంత బలహీనపడిందో.

పాత బల్ల కుడివైపు అంతా విప్పి కొత్తగా కట్టాడు. అలవాటు కొద్దీ మొదటి సొరుగు కంటికొలతతో కోశాడు. ఛానెల్ మొరాయించింది. లోపలి వెడల్పు చెప్పిన కొలతకే ఉండాలి, అడుగు పలక అరంగుళం పైకి ఎత్తి బిగించాలి, వెనకపలకకి రెండు గాట్లు పెట్టాలి, మిల్లీమీటరు తేడా వచ్చినా ఒప్పుకోదు. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, టేపు బయటికి తీశాడు.

ఆ బల్ల మీద ఆవిడ రెండు రోజులు కుట్టింది. మూడోరోజు పక్కకి తిరగబోతే మోకాలు సొరుగుకి తగిలింది. బొత్తాల సొరుగు ఉరికి వచ్చి ఒళ్లో గుద్దుకుంది, డబ్బా బోర్లాపడి బొత్తాలు గదంతా దొర్లాయి. ఒంటిచేత్తో ఏరుకోవడానికి ఆవిడకు గంట పట్టింది. మేస్త్రి వచ్చేసరికి మిషను మీద గుడ్డ కప్పి ఉంది.

"ఈ మిషను ఎవరికైనా ఇచ్చెయ్యండి. నాకింక చేతకాదు" అంది గోడవైపు చూస్తూ.

గుమ్మం దగ్గర మిగిలిపోయిన బొత్తాం ఒకటి ఆయన కాలికి తగిలింది. ఇది తన బల్లతో వచ్చిన తంటా అని అర్థమైంది. దాన్ని ఏరి బల్లమీద పెట్టాడు. చివరికి ముప్పయ్యేళ్లలో ఎన్నడూ అడగని మాట అడిగాడు.

"నాతో షాపుకి వస్తావా? నువ్వే చూద్దువుగాని."

షాపాయన కుర్చీ వేసి, "కూర్చో అక్కా" అని మళ్లీ మూడూ ముందు పెట్టాడు. మేస్త్రి పెద్దాయన పరీక్ష గురించి చెప్పి, ఒంటి పోగు కట్టి సాఫ్ట్ క్లోజ్ లాగి చూపించాడు. మళ్లీ తెగింది.

"చూశావా, దీని పట్టు ఎక్కువ. నీవల్ల కాదు."

ఆవిడ తెగిన దారం వంక చూసింది. తర్వాత సంచీలోంచి తన దారపుండ తీసింది. కొసని పళ్లతో పట్టి, ఎడమచేత్తో సాగదీసి, మడిచి రెండు పోగులు చేసింది. బొత్తాం కుట్టేటప్పుడు ఎప్పుడూ అలాగే చేస్తుంది. సొరుగుకి కట్టమని ఆయన చేతికిచ్చింది. కొసని వేలికి చుట్టుకుని, కుదపకుండా, నెమ్మదిగా లాగింది. స్ప్రింగు టక్‌మని వదిలింది. సొరుగు జారుకుంటూ పూర్తిగా బయటికి వచ్చింది. దారం అలాగే ఉంది.

"నేను ఒంటి పోగంత సన్నబడ్డానని ఎవరన్నారు మీకు?" అంది ఆవిడ. "రెండు పోగుల బలం ఉంది నాకు. అడిగితే చెప్పేదాన్ని."

షాపాయన దగ్గొచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. మేస్త్రికి కళ్లు చెమర్చాయి. ఊళ్లో గోడలన్నిటినీ అంగుళం తేడా రాకుండా చూసిన కళ్లు, ఇంట్లో మనిషిని సగానికి సగం తక్కువ చూశాయి.

"తప్పయిపోయిందే" అన్నాడు, షాపాయన వింటున్నాడని కూడా చూడకుండా.

ఆవిడ సొరుగుని మోచేత్తో అలా తాకి వదిలింది. అది తనంతట తనే వెళ్లి చప్పుడు లేకుండా మూసుకుంది. మరోసారి తెరిచి, మరోసారి తాకింది. "ఇదే" అంది. పిడి కూడా తనే ఎంచుకుంది, నాలుగు వేళ్లూ దూరేంత వెడల్పుది.

సొరుగు పెట్టెలు అవే సరిపోయాయి, ఛానెళ్లు మార్చి పిడులు బిగిస్తే చాలింది. ఈసారి మేస్త్రి టేపు దాచుకోలేదు.

వారం తర్వాత ఒక పొద్దున మిషను టకటకమంటోంది. మేస్త్రి పనికి బయల్దేరుతూ, పెన్సిలు కనబడక పై సొరుగు తెరిచి వెతుక్కున్నాడు. దొరికింది. చెవిమీద పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. వెనక మిషను చప్పుడు ఆగింది.

"సొరుగు మూయడం రాదా మీకు?" అంది ఆవిడ. "వడ్రంగేనా మీరు?"

మేస్త్రి చెప్పులు విడిచి వెనక్కి వచ్చి మూశాడు.