విప్పిన బండి

పత్తికి పురుగు పట్టి పోయిన ఏడాది అది. సత్తెనపల్లి బస్సులో నా ఒళ్లో, బాగుచేయించడానికి విప్పి తీసుకెళ్తున్న మా పాత మోటార్ సైకిల్ కార్బొరేటర్ ఉంది. పక్కన కూర్చున్న రైతు దాన్నే చూస్తున్నాడు.

“ఇంట్లో ఇంకో బండి ఉందా అండీ?”

“లేదండీ.”

“నేనూ ఇట్టాగే నా బండిని ఇంటి దగ్గర విప్పి, సామానంతా కిరసనాయిల్లో నానబెట్టానండీ. అప్పుడే మా తమ్ముడు పురుగుమందు తాగాడు. ఆసుపత్రికి తీసుకెళ్లటానికి పక్కింటి ట్రాక్టరు అడగాల్సింది. ఇదిగో అయిపోయింది, ఇదిగో అయిపోయిందని బిగిస్తూ కూర్చున్నా.”

నా కార్బొరేటర్ మీది దుమ్మును తన తువ్వాలుతో నెమ్మదిగా తుడిచాడు.

“మొదటి కిక్కుకే స్టార్టయిందండీ. ఎక్కించుకుపోదామంటే వాడే లేడు.”

ఇప్పటికీ నా బండి విప్పేముందు, పక్కింటివాళ్ల బండి వాకిట్లో ఉందో లేదో చూసుకుంటాను.