తాటి దోనెలో రెండు రోజులు

నేను కొల్లేటి లంక గ్రామంలో ఇంగ్లీషు టీచర్ని. రెండేళ్ల క్రితం, వానాకాలంలో ఏలూరు నుంచి ఒక అధికారి మా బడి తనిఖీకి వచ్చారు. బోర్డు మీద ‘సర్వైవ్’ అని రాసి మూడు వాడుకలు చెప్పాను. ప్రమాదం నుంచి బతికి బయటపడటం, దొరికినదాంతో ప్రాణం నిలుపుకోవడం, మనవాళ్లు పోయాక మనం మిగలడం.

“సొంత వాక్యం చెప్పండి” అన్నారాయన. ఏడో తరగతి సువార్త లేచి, నేనా ఊరు రాకముందొచ్చిన వరదలో తనూ నాయనమ్మా తాటి దోనెలో రెండు రోజులు అటుకులు తిని బతికామని ఇంగ్లీషులో తప్పు లేకుండా చెప్పింది. తాటి మొద్దు తొలిచి చేసే ఆ సన్నటి పడవ ఆయనెప్పుడూ చూసినట్టు లేదు.

“దోనెలో రెండు రోజులా? కోతలు కొయ్యకు. గైడులో ఉన్నది చెప్పు” అని నవ్వారు.

నాకు ఒళ్లు మండిపోయింది. “సార్, ఆ దోనె బయట కట్టేసే ఉందండీ. మొన్న రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లున్నాయని తనిఖీ మానేసింది తమరే కదండీ! ఆ రోజు కూడా ఈ పిల్ల అందులోనే బడికొచ్చిందండీ” అన్నాను.

నాకు మర్యాద తెలియదని రిజిస్టరులో రాసి వెళ్లిపోయారు.

గంట కొట్టాక సువార్త నోటుపుస్తకం తెచ్చింది. “మూడో వాడుకకీ వాక్యం రాశానండీ. సారు విననే లేదు” అంది.

నాయనమ్మ పోయింది, నేను మిగిలానని అదే మాట వాడి రాసింది. దోనె దిగిన నాలుగో రోజునే ఆవిడ జ్వరంతో పోయిందట.

ఆ వాక్యానికి టిక్కు పెడుతూ పెన్ను ఎంత గట్టిగా నొక్కానో, కాగితం చిరిగింది.