ఆరు గుంటల పడవ

నిన్న మా వెనక గదికి పునాది తీయడానికి వచ్చిన మేస్త్రీ రెండు గూటాలు పాతి, వాటి మధ్య దారం బిగించి, అన్నానికి పోతూ "దారం ఎవ్వరు ముట్టకుండ్రి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా వంశంలో దారం ముట్టకుండా ఉన్న చరిత్ర లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో మాట. నల్లగొండ పక్కన మా ఊళ్లో నాయినకూ పెదనాయినకూ వాకిలి ఒకటే, మాటల్లేవు. ఎందుకు మానేశారో ఇద్దరూ మరిచిపోయారు గానీ, మానేయడం మాత్రం నిష్ఠగా సాగించారు. ఏదైనా అనాల్సి వస్తే ఎవరి మేకతో వారు అనేవారు. చివరికి నడుమ గోడ పెట్టుకోవడానికి ఒప్పుకుని, మేస్త్రీ చేత దారం కట్టించారు. అంతలో మూఢం వచ్చి మంచిరోజు రెండు నెలల తర్వాతికి పోయింది. దారం అట్లాగే ఉండిపోయింది. దాని వెనక కొసకూ మా ఇంటికీ మధ్య ఒక సందు ఉండేది. మా మేకలు దొడ్లోకి పోవడానికి అదొక్కటే తోవ. అది పోతే మేకల్ని అమ్ముకోవాలి, లేదా ఎగరడం నేర్పాలి.

సరిగ్గా అప్పుడే నాయినకు పడవ పిచ్చి పట్టింది. ఆయన దర్వాజాలు చేసే వడ్రంగి. ఎవడో సన్నటి కర్రబద్దల్ని చట్రాల మీద వంచి, అంచుకు అంచు జిగురుతో అతికించి, ఒక్క మొల లేకుండా పడవ చేయడం ఫోన్లో చూశాడు. పానగల్ చెరువు నీళ్లలో అందరూ గుండ్రటి పుట్టిలో చేపలు పడుతుంటే, తానొక్కడూ ముక్కున్న పడవలో పోవాలనుకున్నాడు. పన్నెండడుగుల పడవకు వాకిట్లో జాగా ఒక్కచోటే ఉంది. ఆ దారం పొడుగునా. చేపల కోసమో, గోడకు అడ్డం కోసమో నేను అడగలేదు. ఆయన చేతిలో బాడిశ ఉంది.

మొదటి ఆదివారం రెండు చట్రాలు నిలబెట్టాడు, ఆ తర్వాత ఆదివారానికొకటి. ప్రతి చట్రం నడిమి గీత దారానికి సరిగ్గా తగిలేలా నేలలో పాతేవాడు. పాతినదాన్ని మళ్లీ సరిచూడటమంటే ఆయన లెక్కలో తన చేతిని తానే అనుమానించడం. పెదనాయిన గడప మీద కూర్చుని తన మేకపోతుతో, "ఇన్నవారా, సముద్రం మనూరికి నడిచొస్తదంట. సగం పడవ మన జాగాల పెట్టిండ్రు" అనేవాడు. నాయిన మా మేకతో, "గోడ కట్టేనాడు తీస్తమని చెప్పవే. నీకున్న తెలివి అటు దిక్కోళ్లకు లేదు" అనేవాడు. మేకలు రెండూ తుమ్మకాయలు నములుతూ వినేవి. ఆ వాకిట్లో మర్యాదస్తులు అవే.

బద్దలు అతికించేటప్పుడు మొదలైంది తంటా. ఒక పక్క బద్దలు చాలవు, ఇంకో పక్క మిగులుతాయి. నాయిన కొలతలు మార్చాడు, జిగురును తిట్టాడు, అది అయిపోయాక నన్ను తిట్టాడు. మూఢం పోయింది. గోడకోసం వచ్చిన మేస్త్రీ, చట్రాల మీద బోర్లా ఉన్న పడవ ముందు కూర్చుని ఒక కన్ను మూసి చూశాడు. "ఇదేందన్నా, అరటిపండు లెక్కున్నది?"

పెదనాయిన మేకను పక్కనబెట్టి, ఏళ్ల తర్వాత నాయినతోనే మాట్లాడాడు. "చిన్నప్పటి సంది నీ చెయ్యి వంకరేరా."

నాయిన సందు మాటైతే అరిచేవాడు. ఇది చేతి మాట. ఊళ్లో సగం దర్వాజాలు నిలబెట్టిన మనిషి బాడిశ కింద పెట్టి, "దీన్ని చీల్చి పొయ్యిల పెడదాం" అన్నాడు నాతో, మెల్లగా. ఆ ఒక్కసారికి నాకూ జోకు తోచలేదు.

మేస్త్రీకి మాత్రం పని ఆగిపోతోంది. మొదటి ఆదివారం పాతిన రెండు చట్రాల కాళ్ల మీది గీతల్ని కలుపుతూ ఇంకో దారం లాగాడు. అది వెనక గూటం దగ్గరికి పోలేదు. మూరెడు అవతల, పెదనాయిన వైపు నేలకు తగిలింది. అక్కడ అలుకు కొత్తగా ఉంది. తాపీతో గీకితే గుంట. దానికి బెత్తెడు దూరంలో ఇంకొకటి. ఆరు గుంటలు వరసగా మా సందు వైపు నడిచొచ్చాయి, ఏడోదాంట్లో గూటం నిలబడి ఉంది.

"ఎలుకలు తవ్వినయేమో" అన్నాడు పెదనాయిన.

"ఆదివారం ఆదివారం బెత్తెడు జరిగి, తవ్వి, పేడతోని అలికిపోయే ఎలుకలా పెద్దన్నా? జర నాగ్గూడ రెండు పట్టియ్యి, పనిల పెట్టుకుంట."

నాయిన లేచి బాడిశ అందుకున్నాడు. నేను భయపడ్డాను. ఆయన పోయి పడవ వంపు మీద అరచెయ్యి ఆనించాడు. "నా చెయ్యి కాదే" అన్నాడు, మళ్లీ మేకతోనే. "దారం ఎటు పోతే అటు పోయింది."

గోడ మొదటి గుంట మీదే లేచింది. మేకలు గెలిచాయి. పడవను పానగల్ నీళ్లలో దింపితే, తెడ్డు ఎటు వేసినా ఒక పక్కకే తిరిగి బయల్దేరిన చోటికి వచ్చింది. పుట్టివాళ్లు నవ్వకుండా ఉండటానికి పాపం చాలా కష్టపడ్డారు. ఇప్పుడది మా దొడ్లో బోర్లా పడి మేకలకు కప్పుగా ఉంది. గోడకు అటూ ఇటూ మేకలు నాలుగు తరాలు మారాయి, తిట్లు మాత్రం పాతవే. ఇన్నేళ్లలో కాలం మా రెండిళ్ల మధ్య ఏమైనా పూడ్చిందా అని నిన్న ఆ దారం చూస్తూ ఆలోచించాను. ఉన్న ఆరు గుంటల్నీ పెదనాయిన ఎప్పటికప్పుడు పూడ్చేశాడు. కాలానికి పనేమీ మిగల్చలేదు.