విస్తరి కుట్టినట్టు కుట్టిన చీటీలు

ఈ సంగతి ఇన్నేళ్లు రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు అక్షరాలు రాకపోవడం. మనవరాలి పలక మీద దిద్దుకుని నేర్చుకునేసరికి అరవై దాటాయి.

సాయుధ పోరాటం రోజుల మాట. జఫర్‌గఢ్ దగ్గర మా ఊళ్లో దొరకు చేసే వెట్టి ఎగ్గొట్టి, నేనూ నా పెనిమిటీ కొత్తగూడ అడవి పక్క పల్లెకు కూలికి పోయాం. అక్కడ పోలీసు క్యాంపు ఉండేది. బయటినుంచి వచ్చినవాళ్లు అడవిలోని దళానికి అన్నం మోస్తారని పోలీసులకు అనుమానం. అందుకే మాకు వారానికొక పని చీటీ ఇచ్చేవారు. దాని గడువు ఉన్నన్నాళ్లే ఊళ్లో ఉండాలి. ఏడాదిపాటు విడవకుండా ఉన్నామని రుజువు చేస్తే మాత్రం పట్వారీ ఊరి దస్త్రంలో పేరు ఎక్కిస్తాడు. ఇక ఎవరూ వెళ్లగొట్టరు. ఎక్కకపోతే మళ్లీ దొర ఊరికే.

ఏడాది నిండాక చావడికి పోయాం.

"సబూత్ ఏది?" అన్నాడు పట్వారీ.

"ఊరంత చూసింది గద పంతులూ" అన్నాడు మా ఆయన.

"ఊరు చూస్తె గాదు. కాయితం ఉండాలె."

గడువు తీరిన చీటీలతో తోటి కూలీలు చుట్టలు ముట్టించుకునేవారు. నాకు మాత్రం ఏది పాతదో ఏది కొత్తదో తెలిసేది కాదు. అందుకని అన్నిటినీ మోదుగాకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి పెట్టి, ఈనెపుల్లలతో కుట్టి, దూలానికి కట్టి ఉంచాను. గుడిసెకు పరుగెత్తి పోయి వాటిని తెచ్చి పట్వారీ ముందు పరిచాను.

చావడికి వచ్చిన మా పక్కింటి అవ్వ పకపకా నవ్వింది. "ఏందే పిల్లా, పంతులుకు బువ్వ పెడ్తవా?"

పట్వారీ నవ్వలేదు. ఒక్కో ముద్రా చూస్తూ పోయి ఆగాడు. "నడుమ ఒక వారం లేదు."

ఆయన వేలు ఆగిన చోట వంగి ఒక చీటీ అంచు ఎత్తాను. దాని కింద ఇంకొకటి ఉంది.

"గిది గాదా పంతులూ?"

అదే. ఆయన కలం తీసి మా ఆయన పేరు రాశాడు.

"నాది?" అన్నాను.

"ఆడోళ్లది ఎందుకు?"

"కుట్టింది నేను గద!"

"రాయి పంతులూ, జర చెయ్యి అరుగుతదా!" అంది అవ్వ. చావడంతా నవ్వింది. రాశాడు.

ఎప్పుడు వెళ్లగొడతారోనని ఏడాదిగా రోలు కూడా పాతుకోలేదు. మర్నాడు పొద్దున్నే గడ్డపార అడిగి తెచ్చి గుడిసె ముందు గుంత తవ్వాను. వాగులోంచి రోలురాయి దొర్లించుకొచ్చి, అందులో కదలకుండా పాతాను.