బియ్యపు గింజంత ఒంపు

మస్కట్‌లో ఏళ్ళ తరబడి ఏసీలు బాగుచేసి ఇంటికి వచ్చేశాక నాకు మామిడికుదురులో పొద్దు పోయేది కాదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఏదో ఒకటి విప్పాలనిపిస్తుంది. శుభ్రంగా తిరుగుతున్న ఫ్యాను విప్పి, బిగించి, మళ్ళీ విప్పాను. మా ఆవిడ మూడు నెలలు ఓపిక పట్టి, "ఏవండీ, మీకంటూ ఏదన్నా కొనుక్కుని అది విప్పుకోండి, నా మిక్సీ జోలికి మాత్రం రాకండి," అంది. అలా వచ్చింది మా ఇంటికి సీఎన్‌సీ మిషను.

పేరు ఘనంగా ఉంటుంది గానీ మనిషి కూర్చునే పీటంత ఉంటుంది. కంప్యూటర్లో గీసిన బొమ్మను చెక్క మీద చెక్కిపెడుతుంది. గిరగిర తిరిగే ముల్లు ఒకటి, దాన్ని అటూ ఇటూ, పైకీ కిందికీ నడిపే మోటార్లు మూడు, వాటికి హుకుం ఇచ్చే లాప్‌టాప్ ఒకటి. విడి భాగాలుగా పెట్టెలో వచ్చింది. బిగించడానికి వారం పట్టింది, బిగించింది తప్పని తెలుసుకోవడానికి ఇంకో వారం. మొదటిసారి ఏనుగును చెక్కమంటే చీమంత చెక్కింది. నేను అంగుళాల్లో గీశాను, అది మిల్లీమీటర్లు అనుకుంది. అప్పటినుంచి ఏ పనైనా ముందు ముల్లును చెక్కకు తగలకుండా పైకెత్తి, గాలిలో ఒకసారి నడిపించి చూడాలని కొత్తవాళ్ళకు చెబుతుంటాను. చెప్పే నేనే సరిగ్గా పాటించను. అంత నిదానం నాకెక్కడిది?

మా ఆవిడ ఏదో పేరంటంలో "మావారి మిషను దేన్నైనా చెక్కేస్తుందండి" అని గొప్పలు పోయింది. వారం తిరక్కుండా అంబాజీపేట రోడ్డులో ఉండే ఒక పెద్దావిడ, బట్టలో చుట్టిన అచ్చు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పెళ్ళిసారెల్లోకి పంచదార చిలకలు పోస్తుందావిడ. ఆ అచ్చు రెండు పనస చెక్కలు. ఒక్కోదాంట్లో సగం చిలక తొలిచి ఉంది. రెండిటినీ కలిపి సైకిలు ట్యూబు ముక్కతో బిగించి, పాకం పోసి, గట్టిపడ్డాక విప్పితే నిండు చిలక బయటికొస్తుంది.

"తోక దగ్గర బీట తీసిందండి. ఇది కాస్తా విడిపోయిందంటే నా పని అయిపోయినట్టే. కాపరానికొచ్చిన కాణ్ణించీ నాకిదొక్కటేనండి. పన్నెండో రోజుకి సారె ఒకటి ఒప్పుకున్నాను. ఈలోపు ఇలాటిదే ఇంకోటి చేసివ్వగలరా బాబుగారూ?"

"ఆయ్, దానిదేముందండి పిన్నిగారూ," అన్నాను.

అచ్చు వదిలి వెళ్ళడానికి ఆవిడకు మనసొప్పలేదు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, "జాగ్రత్తండి" అని ఇంకోసారి చెప్పి వెళ్ళింది.

ముల్లు తీసేసి దాని చోట సూది లాంటిదొకటి బిగిస్తే, మిషను మిల్లీమీటరుకో చోట అచ్చును తాకుతూ ఎక్కడ ఎంత లోతుందో లాప్‌టాప్‌కి చెబుతుంది. ఒక్కో చెక్కకు ఆరేడు గంటలు. మొదటిసారి నాలుగో గంటలో లాప్‌టాప్ తనంతట తాను నిద్రపోయింది. నిద్ర రాకుండా సెట్టింగు మార్చాను. రెండోసారి కరెంటు పోయింది. మూడోసారి మా ఆవిడ నీళ్ళ మోటారు వేయగానే లాప్‌టాప్‌కీ మిషనుకీ లంకె తెగిపోయింది. పొట్టి కేబులు తెచ్చి, దాన్ని కరెంటు తీగలకు దూరంగా జరిపాను. అయినా నమ్మకం కుదరక, నేను చెప్పేదాకా ఇంట్లో ఎవరూ స్విచ్ ముట్టుకోకూడదని కేకలేశాను. "స్నానాలు కూడా మానేయమంటారా?" అంది మా ఆవిడ. మానేయమనే అన్నాను.

తీరా కొలతలు వచ్చాక చూస్తే కొత్త గొడవ. రెండు చెక్కలూ ఒకదానికొకటి ఆనుకునే ముఖాలు చదునుగా లేవు. అంచుల కంటే మధ్యలో బియ్యపు గింజ మందాన లోపలికి వంగి ఉన్నాయి. మిషనే అబద్ధం చెబుతోందనుకున్నాను. బల్ల మట్టం సరిచూశాను. మోటారునూ మరనూ కలిపే చోట చిన్న స్క్రూలు వదులైతే కొలత జారుతుంది, వాటిని బిగించాను. పది సెంటీమీటర్లు జరగమంటే సరిగ్గా పదే జరుగుతోందా అని స్కేలు పెట్టి చూశాను. అన్నీ సరే. మూడు రోజులు తిండి సయించలేదు. చివరికి ఇలాంటి మిషన్లున్నవాళ్ళు ఆన్‌లైన్లో మాట్లాడుకునే చోట ఫోటోలతో సహా పెట్టాను. ఎక్కడెక్కడివాళ్ళో జవాబులిచ్చారు. మిషను తప్పు కాదు, పాత చెక్క వంగిపోయింది, ముఖం మీద ఒక పొర లేపేసి చదును చెయ్యి, ఆ తరువాత కొలువు అన్నారు.

మిషను తప్పు కాదన్న మాట చాలు నాకు. ఆ సంబరంలో మిషను మీదే పెట్టి పాత అచ్చు రెండు ముఖాలూ పొర లేపేశాను. అద్దంలా వచ్చాయి. మళ్ళీ కొలిచి, అటక మీద ఏళ్ళుగా ఎండిన పనస చెక్క దించి కొత్త అచ్చు చెక్కాను. రెండు ముక్కలూ కలిపి కిటికీకెదురుగా పట్టుకుంటే సందులోంచి వెలుతురు రవ్వంత కూడా రాలేదు. నాకు నేనే మురిసిపోయాను.

ఏడో రోజున రెండూ పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ కొత్తదాన్ని అటూ ఇటూ తిప్పి, "నున్నగా చేసేరండి," అంది. పాతదాని ముఖం మీద బొటనవేలు పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరకు నెమ్మదిగా రాసింది. రెండిటినీ నీళ్ళ గాబులో పడేసింది. నానితేగానీ పాకం చెక్కకు అంటుకోకుండా ఊడి రాదట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే కబురు పెట్టింది. వెళ్ళేసరికి పాకం మరుగుతోంది. అచ్చు కట్టి పోసింది. అంచుల వెంబడి పాకం బయటికి కారిపోయింది. కొత్తదాన్నుంచీ కారింది, పాతదాన్నుంచీ కారింది. వచ్చిన చిలకలకు చుట్టూ చేప రెక్కల్లాంటి అంచు. నేను గబగబా మొదలుపెట్టాను. మరల్లో కాస్త వదులు ఉండి ఉంటుందని, దానికి సాఫ్ట్‌వేర్లో దిద్దుబాటు ఉందని, రెండు రోజులిస్తే చూస్తానని. ఆవిడ మధ్యలోనే ఆపింది.

"చెక్కని నానేసి, తడి మీద చెక్కండి. మా మావగారు అలాగే చేసేవారు."

నానిన చెక్కను కరెంటు మిషను మీద పెట్టడమంటే పిచ్చి పని. అయినా పెట్టాను. తీగలన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు చుట్టాను. తడి పొట్టు పీచులా ముల్లుకు చుట్టుకుపోతుంటే వేగం సగానికి తగ్గించాను. నేను లేపేసిన పొర మందం లెక్కకట్టి, చిలక బక్కపడకుండా కంప్యూటర్లో లోతు పెంచాను. రెండు రోజులు మిషను పక్క నుంచి కదల్లేదు. కొత్త అచ్చు తయారైంది, తడి మీద రెండు ముక్కలూ చక్కగా అతుక్కున్నాయి. నీడలో ఆరబెట్టి మర్నాడు మధ్యాహ్నం చూశాను. ముఖం మధ్యలో లోపలికి వంగింది. కొలవక్కర్లేదు గానీ కొలిచాను. బియ్యపు గింజ మందం.

పాత అచ్చు వంగిపోలేదు. ఎండితే వంగి, నానితే సరయ్యేలా ఎవరో తడి చెక్క మీద చెక్కారు. అది దాని పద్ధతి. నేను ఎండు మీద చదును చేసేసరికి నానాక మధ్యలో ఉబ్బి, అంచుల దగ్గర సందు పడింది. నేను దాన్ని బాగుచేయడానికి పూనుకుని, ఒక జీవితకాలం పనిచేసిన వస్తువును ఎందుకూ కొరగాకుండా చేశాను. కంప్యూటర్లో ఆ మందం కలపగలిగాను గానీ, చెక్కకు ఎలా కలపను? మా ఆవిడతో కూడా చెప్పలేదు. సిగ్గేసింది.

కొత్త అచ్చు నానేసి పోస్తే చుక్క కారలేదు. చిలక తరువాత చిలక వచ్చాయి, ముక్కూ రెక్కా స్పష్టంగా. పన్నెండో రోజున సారె కావిళ్ళు సర్దుతున్నారని తెలిసి నేనూ పిన్నిగారింటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో, ఇంట్లో ఉండలేకపోయాను. చిలకల పళ్ళేలు కారెక్కించి, కారు మలుపు తిరిగేదాకా చూసి, ఆవిడ అరుగు మీద కూర్చుంది. పాకం గిన్నె పక్కనే ఉంది.

"ఇప్పుడు చెప్పండి బాబుగారూ. పాతదాన్ని ఎందుకు చిత్రిక పట్టేరు?"

"మీకు ముందే తెలుసాండి?"

"వేలు పెట్టగానే తెలిసిందండి. సారె వెళ్ళేదాకా అడక్కూడదనుకున్నాను. మీరు నొచ్చుకుని పని మానేస్తే ఆ పెళ్ళిపిల్ల సారెలో చిలకలుండవు కదండి."

"వంకర పోయిందనుకున్నానండి."

"ఎండితే అదలాగే ఉంటదండి. ఎవర్నీ అడగలేదా?"

"చాలామందిని అడిగేనండి."

"మరి నన్నడగలేదేమండి?"

తీరిక లేకపోయిందని చెప్పవచ్చు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకనుకున్నానని చెప్పవచ్చు. రెండూ నోటిదాకా వచ్చాయి.

"మీకు తెలుస్తుందనుకోలేదండి," అన్నాను.

ఆవిడ గిన్నె దగ్గరికి లాక్కుని, అడుగున గట్టిపడిన పంచదారను అట్లకాడతో గీకడం మొదలుపెట్టింది.