మేనమామ కన్ను

సంగప్ప చత్వారం అద్దాల కోసం పటాన్‌చెరు వెళ్ళి, అద్దాలతో పాటు ఒక దిగులు కూడా తెచ్చుకున్నాడు. అది 1996 ఫిబ్రవరి. అప్పటికి అతనికి నలభై రెండేళ్ళు. కొండాపూర్ దిక్కున ఊరు, అక్కడ భార్యా పిల్లలూ రెండెకరాల చెలకా. కాజీపల్లిలో కిరాయి గది, మందుల కంపెనీలో ఆపరేటర్ పని. పద్నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క చెడ్డ మాట పడలేదు. ఎలా పడకుండా నెట్టుకొచ్చాడో అతనొక్కడికే తెలుసు. సంగప్పకి ఎరుపూ ఆకుపచ్చా వేరువేరుగా కనపడవు.

చిన్నప్పుడు పండు మిరపకాయలు ఏరమని తల్లి చేనుకు పంపితే గంపలో సగం పచ్చివి తెచ్చేవాడు. తల్లి అది బద్ధకమనుకుని పగ్గంతో కొట్టేది. పదేళ్ళు వచ్చేసరికి వాడికి అర్థమైంది, మిగతా పిల్లలకు ఆ చెట్ల మీద ఏదో కనపడుతోందని, తనకది కనపడడం లేదని. ఎవరికీ చెప్పలేదు. మన భాషే అతనికి చాటు ఇచ్చింది. మనకు పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. ఎక్కడైనా దొరికిపోతే "పచ్చ అంటే పసుపుపచ్చ అనుకున్న" అని తప్పించుకునేవాడు. ఆ ఒక్క మాట నీడలో ముప్పై ఏళ్ళు నడిచాడు.

కంపెనీలో చేర్చుకున్నప్పుడు ఛాతీ కొలిచారు, రక్తం చూశారు. రంగులు ఎవరూ అడగలేదు. అతని షెడ్డులో ఎర్ర పట్టీ ఉన్న గొట్టాల్లో ద్రావకం, ఆకుపచ్చ పట్టీ ఉన్న గొట్టాల్లో నీళ్ళు. ఇనప గొట్టాలు కనుక కదలవు. గోడ నుంచి మూడోది నీళ్ళు, ఐదోది ద్రావకం. లెక్క పెట్టుకుంటే చాలు. ద్రావకం పోయాల్సిన చోట నీళ్ళు తగిలితే సరుకు పొంగి మూత ఎగురుతుంది. పక్క షెడ్డులో ఒకసారి ఎగిరింది. ఆ మనిషి ముఖం సంగప్ప చూశాడు. ఆ తర్వాత ఏనాడూ లెక్క తప్పలేదు.

ఆ నెలలో కొత్త షెడ్డు కట్టారు. అందులో ఇనప గొట్టాలు లేవు. రబ్బరు పైపులే, ప్రతి సరుక్కీ విప్పి వేరే చోట బిగించేవి. పట్టీ రంగు తప్ప వేరే గుర్తు ఉండదు. ఆ షెడ్డుకు మనుషులు కావాలన్నప్పుడు సంగప్పే ఇన్‌ఛార్జి దగ్గర నిలబడి, ఒప్పించి, చెల్లెలు నర్సింహమ్మ కొడుకు లింగానికి పని ఇప్పించాడు. ఇరవై ఏళ్ళవాడు, ఇంటర్ తప్పాడు. సోమవారం నుంచి షెడ్డులో పని. వారం ముందే వచ్చి మేనమామ గదిలో దిగాడు.

అద్దాల కోసం వెళ్ళింది గురువారం. బస్టాండు పక్కన బషీర్ కళ్ళద్దాల దుకాణంలో ఒక లారీ డ్రైవరు కూర్చుని, లైసెన్సు సర్టిఫికెట్ కోసం రంగు చుక్కల పుస్తకం చదువుతున్నాడు. పేజీ నిండా చుక్కలు, చుక్కల మధ్య ఒక అంకె. డ్రైవరు "ఇరవై తొమ్మిది" అన్నాడు. వెనక నిలబడ్డ సంగప్పకి అక్కడ డెబ్బై కనపడుతోంది.

డ్రైవరు వెళ్ళేదాకా ఆగి, అదే కుర్చీలో కూర్చుని నెమ్మదిగా కదిపాడు. "బషీర్ భాయ్, మావోడొకడున్నడు. వానికి రంగులు జెర గల్లంతు."

"ఆ మావోడు గిప్పుడు నా కుర్సీల కూసున్నడు," అన్నాడు బషీర్, అద్దం తుడుస్తూ.

బషీర్ నవ్వలేదు. రోజుకు పాతిక మంది కళ్ళు చూసే మనిషి.

"పరేషాన్ గాకు. ఎవ్వరికీ చెప్ప. మీ ఇంట్ల ఇంకెవరికన్న ఉన్నదా?"

"లేదు. నా కొడుకును మంచిగ సూసిన. పండు మిరపకాయలు తప్పకుంట ఏరుతడని వాళ్లమ్మ అంటది. వానికి రాలే. ఇగ మా రక్తం తేటపడ్డది."

"నీ కొడుక్కు ఎట్లొస్తది?" బషీర్ రెండు అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "సూడు. రంగు పట్టే అద్దం ఒకటుంటది అనుకో, పుట్టుకతోని వచ్చేది. ఆడమనిషికి రెండుంటయి. ఒకటి తల్లి ఇస్తది, ఒకటి తండ్రి ఇస్తడు. ఒకటి ఖరాబైనా రెండోదాంతోని నడిపిస్తది. ఎవ్వరికీ తెల్వది, ఆమెకే తెల్వది. మొగోనికి ఒక్కటే అద్దం. అది తల్లి ఇచ్చిందే. ఖరాబ్‌ది చేతిల పడ్డదా, ఖతం."

"మరి నాయిన ఏమిస్తడు?"

"కొడుక్కా? మీసం ఇస్తడు." బషీర్ ఒక అద్దాన్ని పక్కకి జరిపాడు. "నీకు ఆడపిల్ల ఉంటే నీ అద్దం ఆమెకు పోతది. ఆమెకు మంచిగనే కనబడ్తది, కానీ ఖరాబ్‌ది మోస్తది. నీకిచ్చింది మీ అమ్మ. మీ అమ్మకు ఒకటి మంచిది, ఒకటి ఖరాబ్‌ది. పిల్లలకు ఏది పోతదో ఆమె చేతుల లేదు. నీకు చెల్లెండ్లు ఉన్నరా?"

"ఒక్కతి."

"ఆమెకు ఖరాబ్‌ది వచ్చిందో రాలేదో, సగం సగం. వస్తే, ఆమె కొడుకులకు మళ్ల సగం సగం. సగంల సగం అంటే పావలా వంతు." అని తలెత్తి చూశాడు. "ఏమైంది? మొఖం గట్ల పెట్టినవ్?"

సైన్సు పుస్తకాల్లో దీనికి క్రోమోజోములని, జన్యువులని పేర్లున్నాయి. బషీర్ దుకాణంలో అద్దాలున్నాయి కనుక అద్దాలతో చెప్పాడు. తప్పేమీ చెప్పలేదు. తప్పు ఆలోచన అంతా సంగప్పదే. ఆ మాటకొస్తే మనందరిదీ. వంశమంటే తండ్రి నుంచి కొడుక్కి పారే కాలువ అని మన నమ్మకం. ఇంటిపేరూ పొలమూ తలకొరివీ ఆ కాలువ వెంటే పోతాయి కనుక రోగమూ అటే పోతుందనుకుంటాం. సంగప్ప పదేళ్ళు కొడుకు వైపు గట్టు మీద కావలి కాశాడు. గండి పడేది చెల్లెలి గట్టునని తెలిసేసరికి, మేనల్లుణ్ణి తన చేత్తో తెచ్చి కొత్త షెడ్డు గుమ్మంలో నిలబెట్టి ఉన్నాడు.

పావలా వంతే కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. కానీ లింగాన్ని చూసినవాళ్ళెవరూ పావలాతో ఊరుకోరు. ఆ ముక్కూ, ఆ నడకా, ఎడమచేతి వాటమూ చూసి "మేనమామను పోత పోసినట్టున్నడు" అనని మనిషి ఊళ్ళో లేడు. పోత పోస్తే కళ్ళు మాత్రం వేరేగా ఎందుకు పోస్తారు?

శుక్రవారం కాజీపల్లి సెంటర్‌లో ఎర్ర గాజొకటి, ఆకుపచ్చ గాజొకటి అడిగి కొని, ఎరుపు కుడి జేబులో, పచ్చ ఎడమ జేబులో వేసుకున్నాడు. గది దగ్గర కాళ్ళు కడుక్కునేటప్పుడు, పగులుతాయని రెండూ తీసి గట్టు మీద పెట్టాడు. తిరిగి అందుకునేసరికి ఏది ఏదో తెలియకుండా పోయింది. అయినా తీసుకెళ్ళి లింగం ముందు పెట్టాడు.

"వీట్ల ఎర్రది ఏదిరా?"

"గాజులెవరికి మామా? అత్తకు చెప్పాల్నా?"

"అడిగింది చెప్పు."

"ఇది ఎరుపు, అది పచ్చ. ఏంది, నీకు గీ వయసుకే కనబడ్తలేదా? అద్దాలు తెచ్చుకుంటివి గద."

సంగప్ప రెండు గాజుల్నీ చూశాడు. రెండూ ఒకే మట్టి రంగులో ఉన్నాయి. వాడు సరిగా చెప్పాడో తప్పు చెప్పాడో తేల్చే మూడో మనిషి ఆ గదిలో లేడు. ఉంటే అడగడానికి నోరు రాదు. గుడ్డివాడు పరుగు పందెంలో తీర్పు చెప్పడానికి కూర్చున్నట్టుంది తన పని.

"బస్సు ఏ రంగు?" అన్నాడు, ఇంక తోచక.

"ఎర్రబస్సు మామా. పేర్లనే ఉన్నది."

శనివారం ఊరు వెళ్ళాడు. నర్సింహమ్మ మిరప చేనులోనే ఉంది. గట్టు మీద కూర్చుని, వానలూ ధరలూ మాట్లాడి, చివరికి అసలు మాట అడిగాడు. "లింగడు కాయ మంచిగ ఏరుతడా?"

"వాడా?" చెల్లెలు మూతి తిప్పింది. "పండ్లు తెమ్మంటే పచ్చియి తెస్తడు. ఎన్నిసార్లు తన్నిన్నో. అమ్మ నిన్ను కొడ్తుండె సూడు, గట్లనే కొట్టిన. అచ్చం నీ లెక్కనే అన్నా. మేనమామ పోలిక యాడికి పోతది?" అంటూ నవ్వింది.

పావలా కాస్తా నిండు రూపాయైంది.

"పని పోనీ, వాన్ని వాపస్ తోల్కొస్త," అన్నాడు.

"ఎందుకు? ఏం జేసిండు?" నవ్వు ఆగిపోయింది. "అన్నా, నీ కొడుకైతే వాపస్ తెత్తువా? నా కొడుకు బాగుపడ్తుంటే నీకు కండ్లల్ల మంటనా?"

కళ్ళ సంగతి అప్పుడే చెప్పాల్సింది. తల్లి మోసింది, నువ్వూ మోస్తున్నావేమో అనాల్సింది. ఆడదాని కడుపులో దోషం అనే మాట ఊళ్ళో ఎలా తిరుగుతుందో, అత్తగారి నోట్లో ఎన్నేళ్ళు నానుతుందో తెలిసి నోరు మూసుకున్నాడు. ఆదివారం రోజంతా ఆ ముఖం కాలిన మనిషి కళ్ళముందు మెదిలాడు. ఒక్కోసారి ఆ ముఖానికి లింగం ముక్కు ఉంది.

సోమవారం షిఫ్ట్ మొదలవకముందే ఇన్‌ఛార్జి సత్తిబాబు గదిలోకి వెళ్ళాడు. సత్తిబాబుది కాకినాడ వైపు. మనిషి కోపిష్టే కానీ పనివాణ్ణి గుర్తుపట్టగలడు.

"సార్, లింగాన్ని కొత్త షెడ్డుల వెయ్యకున్రి."

"అదేంటయ్యా, బతిమాలింది నువ్వే కదా?"

"వానికి ఎరుపు పచ్చ తెల్వయి కావొచ్చు."

"కావచ్చు ఏమిటి? నీకెలా తెలుసు?"

ఇక్కడ అబద్ధానికి చాలా దారులున్నాయి. శని, ఆదివారాలు రెండు రోజులూ సంగప్ప వాటన్నిటినీ వెతికిపెట్టుకున్నాడు. తీరా నిలబడ్డాక ఒక్కటీ గుర్తు రాలేదు. "నాకు తెల్వయి సార్. అది మామ నుంచి అల్లునికి వస్తదంట," అన్నాడు.

సత్తిబాబు కుర్చీలో వెనక్కి వాలాడు. "పద్నాలుగేళ్ళు ఎలా చేశావయ్యా మరి?"

"లెక్క వెట్టుకుంట."

"లెక్క పెట్టుకుని..." ఆయన ముఖం తుడుచుకున్నాడు. "నీ అంత ఆపరేటర్ నాకు మళ్ళీ దొరకడు. ఏదో భ్రమ పడుతున్నావేమో. పటాన్‌చెరు కళ్ళద్దాలాయన్ని పిలిపిస్తా, ఇద్దర్నీ చూస్తాడు. పరీక్ష తప్పితే ఎవరైనా సరే షెడ్డులో అడుగు పెట్టడానికి వీల్లేదు. లోడింగే. జీతం సగం."

మధ్యాహ్నానికి బషీర్ పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. లింగం కుర్చీలో కూర్చున్నాడు. సంగప్ప అతని వెనక నిలబడి, వాడి భుజం మీదుగా చూశాడు. ఇన్నాళ్ళూ తన కన్ను ఎదుటివాళ్ళ కన్నుతో కలవాలని కోరుకున్న మనిషి, ఆ రోజు కలవకూడదని కోరుకున్నాడు.

మొదటి పేజీలో సంగప్పకి పన్నెండు కనపడింది.

"పన్నెండు," అన్నాడు లింగం.

సంగప్ప బషీర్ వైపు చూశాడు.

"ఇది అందరికీ కనబడేదే," అని బషీర్ పేజీ తిప్పాడు.

రెండో పేజీలో మూడు ఉంది. మూడే ఉంది. లింగం మెడ ముందుకు చాపాడు, కళ్ళు చికిలించాడు. సంగప్పకి వాడి మెడ వెనక చెమట కనపడింది.

"ఎనిమిది."

తర్వాతి దాంట్లో సంగప్పకి ఐదు, వాడికి ఆరు. ఆ తర్వాత సంగప్పకి రెండు, వాడికి ఐదు. ఆ పైన సంగప్పకి ఏమీ లేని చోట లింగం ఏడు చదివాడు. బషీర్ పుస్తకం మూసి, "ఫస్ట్‌క్లాస్. ఈనికేం లేదు," అన్నాడు.

సంగప్ప వాడి ముందుకొచ్చాడు. "మరి పచ్చి మిరపకాయలెందుకు తెంపినవ్‌రా?"

"పచ్చియి లావుగుంటయి మామా. గంప జల్ది నిండుతది," అన్నాడు లింగం.

ముక్కూ నడకా ఎడమచేతి వాటమూ కట్టగట్టి ఒకే మూటలో రావు. దేనికదే విడిగా వస్తుంది, లేదా రాదు. పోలిక చెప్పి సంబరపడే నలుగురికీ ఆ విడివిడి లెక్కతో పని లేదు. సంగప్ప మాత్రం ఆ నలుగురి మాట మీద తన గుట్టు తానే విప్పుకున్నాడు.

"ఇక నువ్వు కూర్చోవయ్యా," అన్నాడు సత్తిబాబు. "సరిగ్గా చూసి చెప్పు."

ఆ గొంతులో ఒక దారి తెరిచి ఉంది. సంగప్పకి అది వినపడింది. ఎనిమిది, ఆరు, ఐదు, ఏడు. అంకెలన్నీ ఇప్పుడే వరసగా విన్నాడు. వరస గుర్తుపెట్టుకోవడం అతని జీవనోపాధి. అవే అప్పజెప్తే సత్తిబాబు సంతోషిస్తాడు, బషీర్ నోరు మెదపడు, మళ్ళీ పాత షెడ్డు, పాత జీతం.

బషీర్ మొదటి పేజీ తెరిచాడు.

"పన్నెండు."

రెండోది తెరిచాడు. సంగప్ప చాలాసేపు చూశాడు. దీన్ని నిజాయితీ అని ఎవరైనా అంటే అననివ్వండి. నాలుగు రోజులుగా నిద్రలేని మనిషికి ఇంకో ముప్పై ఏళ్ళు లెక్కపెట్టే ఓపిక లేకపోయింది.

"మూడు," అన్నాడు.

లింగం ఫక్కున నవ్వాడు. "మామా, పరాచికాలాడకు. సార్ ముంగట ఏంది గది? ఎనిమిది గద."

ఎవరూ నవ్వలేదు. లింగం మామ ముఖంలోకి, ఆ తర్వాత పుస్తకంలోకి, మళ్ళీ ముఖంలోకి చూశాడు.

"తిప్పు భాయ్," అన్నాడు సంగప్ప.