అల్లుడి కోసం దాచిన చక్కెర

నా చిన్నప్పుడు కూడికలు, తీసివేతలు నాకు నేర్పినవి మా అమ్మమ్మ ఇంటి కోళ్లే. టేకులపల్లి దాటాక అడవి అంచున ఉండేది ఆమె ఊరు. మా ఊళ్లో బడి లేక నన్ను ఆమె దగ్గర ఉంచారు. ఏ పెట్ట ఎన్ని గుడ్లు పెడుతుంది, వాటిలో ఎన్ని పిల్లలవుతాయి, గద్ద తన్నుకుపోగా ఎన్ని మిగులుతాయి అని పొద్దస్తమానం వేళ్లు మడుస్తూ తిరిగేదాన్ని.

ఆ ఏడు మిరప కోతల కాలంలో మా చిన్నమ్మ తొలి కాన్పుకు వచ్చి అమ్మమ్మ ఇంట్లోనే ఉంది. బిడ్డకు ఇంకా నెల నిండలేదు. అంతలోనే మా బాబాయి, అంటే చిన్నమ్మ భర్త, మధిర వైపు నుంచి బస్సు దిగి వచ్చాడు. చేలో కాయ పండి రాలిపోతోందట, కూలీలు దొరకడం లేదట. మరునాడు పొద్దుటి బస్సుకే కోడలిని తీసుకురమ్మని వాళ్ల అమ్మ చెప్పి పంపిందట. చిన్నమ్మ ఇంకా గోడ పట్టుకునే నడుస్తోంది. లోపలికి వెళ్లి బట్టలు మడవడం మొదలుపెట్టింది. అల్లుడికి ఎదురు చెప్పే అలవాటు మా ఇళ్లల్లో ఏ అత్తకూ లేదు. అమ్మమ్మ "మంచిది నాయనా" అని మాత్రం అని, అటక మీది చక్కెర డబ్బా దించింది. మేమంతా బెల్లం టీ తాగేవాళ్లం. చక్కెర అల్లుడు వస్తేనే బయటికి వచ్చేది.

అప్పుడే పెరట్లో కోళ్ల గోల వినబడి పరుగెత్తాను. తొలిసారి గుడ్లకు వచ్చిన నల్ల పెట్ట గోడ మూలన నక్కి ఉంది. దాని పక్కన నెత్తుటి చారలున్న పెద్ద గుడ్డు. పెట్ట తోక కింద, గుడ్డు వచ్చే దారిలోంచి లోపలి కండ ఎర్రటి ముద్దలా బయటికి జారి వేలాడుతోంది. మిగతా కోళ్లు చుట్టూ చేరి ఆ ఎర్రటి దాన్నే పొడుస్తున్నాయి. వాటిని తోలి, పెట్టను ఒళ్లోకి తీసుకుని కేక పెట్టాను. అమ్మమ్మ చేతిలో చక్కెర డబ్బాతోనే వచ్చింది, వెనకాలే బాబాయి.

పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా తొంగి చూసింది. "ఇంకేం జూస్తవే అక్కా? అల్లుడొచ్చిండు, కోడి దానంతటదే తయారైంది. ఇయ్యాల కొయ్యి. రేపటికైతే కుక్కలకే."

నా వేళ్ల లెక్కకూ అదే తేలింది. కోస్తే ఒక పూట కూర. ఆగితే, అది చస్తే, ఏమీ లేదు.

అమ్మమ్మ పెట్టను చూసింది. కిటికీలోంచి బట్టలు మడుస్తున్న కూతురిని చూసింది. "కోసుడు లేదు" అంది. తర్వాత బాబాయి వైపు తిరిగి, "మీ చేతులు గట్టివి నాయనా, జర దీన్ని ఒళ్లో పట్టుకోండి" అంది.

బాబాయి బిత్తరపోయాడు. కట్టుకున్నది కొత్త పంచె. అయినా పెరటి అరుగు మీద కూర్చుని, రెక్కలు కొట్టుకోకుండా అదిమి, తోక వైపు పైకి వచ్చేలా పట్టుకున్నాడు. అమ్మమ్మ ఆ ముద్దకు అంటిన మట్టీ రెట్టా గోరువెచ్చని నీళ్లతో కడిగింది. తర్వాత తడిచేత్తో డబ్బాలోంచి చక్కెర తీసి దాని మీద మందంగా అద్దింది.

"అత్తయ్యా, అది నా టీలోకి తీసిన పంచదార కదండీ!"

"మీకు బెల్లం ఉన్నది నాయనా. దీనికి చక్కెరనే కావాలె. వాపు గుంజుతది."

గోడ అవతల పెద్దమ్మ పగలబడి నవ్వింది. "ఇంకా నయం, టీ గూడ దానికే పోస్తలేదు!"

కాసేపటికి ముద్ద నీరు వదిలి నిజంగానే చిన్నదైంది. అమ్మమ్మ చక్కెరను కడిగేసి, వేలికి ఆముదం రాసుకుని, చుట్టూ కొద్దికొద్దిగా సర్దుతూ లోపలికి పంపింది. పెట్ట ముక్కినప్పుడల్లా ఆగింది. అంతా లోపలికి పోయాక కూడా చాలాసేపు అరచేయి అక్కడే అదిమి ఉంచింది. ఇదంతా ఎవరు నేర్పారని అడిగాను.

"ఎవరు నేర్పుతరే? నా పాణమే నేర్పింది."

నాకు అర్థం కాలేదు. బాబాయి మాత్రం తల దించుకున్నాడు.

పెట్టను చీకటి కొట్లో వేరుగా గంప కింద పెట్టి గోనెపట్టా కప్పింది. గింజలు వద్దు, కాస్త ఆకు, నీళ్లు చాలు అంది. వెలుతురూ మేతా దండిగా ఉంటే లోపల మళ్లీ గుడ్డు తయారవుతుందట. మరి మనకు గుడ్లెన్ని అని నేను వేళ్లు మడవబోతే, "సున్నా" అంది. "ఇప్పుడే ఇంకో గుడ్డు పెడితే మళ్లీ జారుతది. అప్పుడు ఎక్కించుడు నాతోని గాదు." మాట నాతోనే గానీ, గొంతు బాబాయి కూర్చున్న అరుగు దాకా వినబడేలా ఉంది.

మరునాడు పొద్దున సంచి గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది. బస్సు వేళవుతోందని అంటూనే బాబాయి కొట్లోకి వెళ్లి గంప ఎత్తాడు. మళ్లీ కాస్త జారింది. "అత్తయ్యా, పంచదార తెండి!" అని అతనే కేకేశాడు. ఈసారి పెట్టను నేను పట్టుకున్నాను. అమ్మమ్మ చెబుతుంటే కడిగిందీ, అద్దిందీ, సర్దిందీ బాబాయే. అయిపోయాక చేతులు కడుక్కుని, తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాడు.

"ఎన్నాళ్లు గుడ్డు పెట్టకుండా ఉంచాలండీ?"

"లోపల కుదురుకున్నదాక. ఆ లెక్క మనది గాదు నాయనా, దానిది."

బాబాయి గుమ్మం దగ్గరి సంచి తీసుకెళ్లి లోపల మంచం మీద పెట్టాడు. "సర్దినవి తీసెయ్. బిడ్డకు ఐదో నెల వచ్చాక వస్తా" అన్నాడు చిన్నమ్మతో. మీ అమ్మ ఊరుకుంటుందా అని ఆమె భయంగా అడిగింది. "అమ్మకు నేను చెబుతాలే. కాయ రాలితే రాలనీ" అన్నాడు. బెల్లం టీ తాగి ఒక్కడే బస్సెక్కాడు.

పెట్ట బతికింది. ఎండలు ముదిరాక మళ్లీ గుడ్లకు వచ్చింది. మా అమ్మ పుట్టిన కొద్ది రోజులకే అమ్మమ్మను నాట్లకు పంపారనీ, అప్పటి నుంచి ఆమెకూ ఆ పెట్టకు లాగే గర్భసంచి కిందికి జారేదనీ, ఎవరికీ చెప్పుకోలేక తానే సర్దుకునేదనీ నాకు పెళ్లయ్యాక తెలిసింది. ఆ రోజు కోడిని అల్లుడి ఒళ్లో పెట్టింది కావాలనేనా అని అడిగాను. "ముందు కోడి బతకాలె గదనే" అని నవ్వింది.

ఇప్పుడు మిరప కోతలకు కూలీల ముఠా కట్టేది నేనే. చేను చుట్టి వచ్చి ఎంతమంది కావాలో నోటితో చెబితే, చదువుకున్న రైతులు కూడా మళ్లీ లెక్క వేసుకోరు. ఇంటికింతమందని కూడే ముందు నేను చేసే మొదటి పని తీసివేత. ఆ ఇంట్లో బాలింత ఉంటే ఆమె వంతు సున్నా. ఆమే వస్తానన్నా, అత్త పంపుతానన్నా సున్నాయే. మొన్న ఒక రైతు గట్టు మీద నిలబడి మనుషుల్ని చూసుకుని, "ఏందక్కా, ఒక చెయ్యి తక్కువొచ్చింది?" అన్నాడు.

"అవ్, తక్కువే" అన్నాను. "కాయ రాలితే రాలనియ్."